ముందు దెబ్బలు లెక్కపెట్టండి

సంగీతం, లయ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. రాత్రిపూట చెవిలో పాట లేకపోతే పుస్తకం ముందు కూర్చోలేను. తీరా పొద్దున్నకి చదివిన దాంట్లో సగం గుర్తుండదు. ‘ఏకాగ్రత పెంచే సంగీతం’ అని కనబడినవన్నీ విన్నాను. ఏది వింటే మంచిది?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: ఆ పేర్లు చూసి ఎంచుకోకండమ్మా. పాట పెట్టి, గడియారం చూస్తూ 15 సెకన్లు కాలితో దెబ్బ వేయండి. పడిన దెబ్బల్ని 4తో గుణిస్తే నిమిషానికి ఎన్నో తేలిపోతుంది. 60–80 మధ్య ఉంటే నిదానమైన నడక. 120 దాటితే మీకు తెలియకుండానే ఊపిరి దాని వెంట పడుతుంది. ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించారు. అందులో భారతీయ రాగం కూడా ఉంది. ఊపిరి, గుండె వేగం, రక్తపోటు మారింది ఎక్కువగా సంగీతం వేగాన్ని బట్టే. అది ఏ రకం సంగీతమన్నది అంత లెక్కలోకి రాలేదు. ఇంకో సంగతి: మధ్యలో 2 నిమిషాలు సంగీతం ఆపేసినప్పుడు ఊపిరి, గుండె వేగం, రక్తపోటు మూడూ సంగీతం వినకముందు ఉన్న స్థాయి కంటే కూడా కిందికి దిగాయి.

అయితే మీ అసలు ఇబ్బంది వేగం కాదు, పాటలోని మాటలు. చదివేటప్పుడు మనం లోపల ఒక గొంతుతో పలుకుతూనే ఉంటాం. పాటలో మాటలు సరిగ్గా ఆ గొంతుకే అడ్డుపడతాయి. తెలిసిన భాషైతే మరీను. మీకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వస్తే మూడు భాషల పాటలూ పక్కన పెట్టాల్సిందే. వీణో వేణువో, అదీ ఇదివరకు చాలాసార్లు విన్నదే పెట్టుకోండి. కొత్తది పెడితే మనసు దాని వెంటే పోతుంది. పేజీ తిప్పిన చప్పుడు వినబడేంత తక్కువ శబ్దం చాలు. మధ్యలో ప్రకటనలు రాకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకొకటి ఉంది. కూర్చోబోయే ముందు 10 నిమిషాలు మీకు నచ్చిన పాటలే వినండి. ఆపి, 2 నిమిషాలు ఊరికే ఉండండి. అప్పుడు పుస్తకం తెరవండి. కంఠస్థం చేయాల్సినవి నిశ్శబ్దంలోనే చేయాలి. ప్రాక్టికల్ రికార్డులు రాయడం, బొమ్మలు గీయడం లాంటి చేతిపనికి ఏ పాటైనా ఫరవాలేదు.

ప్రశ్న: మా బాబు మూడేళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాడు. పాఠాలన్నీ వచ్చు, కానీ లయ పరిగెడుతుందని గురువుగారు కోప్పడుతున్నారు. మెట్రోనోమ్ (సమాన వేగంతో టిక్కుమనే యంత్రం) పెట్టి సాధన చేయిస్తున్నా, అది తీసేస్తే మళ్లీ అంతే. మిశ్రచాపు తాళం అయితే తప్పిపోతూనే ఉంటాడు.
– ఒక తల్లి, బరంపురం

జవాబు: మెట్రోనోమ్ పెట్టినంతసేపూ లయను మోస్తున్నది ఆ యంత్రమే, బాబు కాదు. అందుకే తీసేయగానే పడిపోతోంది. దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

మొదట నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, 8 దెబ్బల ఆదితాళం 8 ఆవర్తనాలు (తాళం ఒక చుట్టు పూర్తయితే ఒక ఆవర్తనం) నోటితో ‘తకదిమి’ చెబుతూ చేత్తో తాళం వేయమనండి, మృదంగం ముట్టుకోకుండా. ఒక్కో దెబ్బకు నాలుగు అక్షరాలు సమానంగా పడాలి. తర్వాత మెట్రోనోమ్‌ను 30కి దించండి. తాళం వేగం మాత్రం మారకూడదు. ఇప్పుడు టిక్కు 1, 3, 5, 7 దెబ్బల మీదే పడుతుంది, మధ్య దెబ్బలు వాడే నిలబెట్టుకోవాలి. అది కుదిరాక, రెండు ఆవర్తనాలు మోగి రెండు ఆవర్తనాలు మౌనంగా ఉండే ఏర్పాటు కొన్ని యాప్‌లలో ఉంటుంది, దానికి వెళ్లండి. మౌనం తర్వాత టిక్కు వచ్చేసరికి వాడు సమం (ఆవర్తనంలో మొదటి దెబ్బ) మీద ఉండాలి. ముందే చేరిపోతే అక్కడే పరిగెత్తాడన్నమాట.

పరుగు సాధారణంగా మూడు చోట్ల పుడుతుంది: గట్టిగా వాయించేటప్పుడు, రెండో కాలం (రెట్టింపు వేగం) నుంచి మొదటి కాలానికి దిగేటప్పుడు, చేతికి బాగా అలవాటైన సులువు జతుల్లో (మృదంగం అక్షరాల వరుసల్లో). ఎక్కడో తెలియాలంటే ఇలా చూడండి. 60 వేగం నాలుగు దెబ్బలు విని, ఆపేసి, 20 ఆవర్తనాలు వాయించమనండి. మొత్తం 160 దెబ్బలు, సరిగ్గా 2 నిమిషాల 40 సెకన్లు పట్టాలి. రెండున్నర నిమిషాల్లో అయిపోతే సగటున 64కి ఎక్కాడు. రికార్డు చేసి వాణ్నే విననివ్వండి. టిక్కు వింటూ వాయించి రికార్డు చేసేటట్టయితే వైరున్న ఇయర్‌ఫోన్ వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది కాబట్టి, రికార్డింగులో వాడి తప్పు లేకుండానే వెనకబడినట్టు కనిపిస్తుంది.

మిశ్రచాపు సంగతి వేరు. అది 3+4, మొత్తం 7. మీ దగ్గర భజనల్లో ఎక్కువగా నడిచేది 8 మాత్రల (దెబ్బల) కెహర్వా తాళం. చెవి దానికి అలవాటు పడి, ఏడో అక్షరం తర్వాత తెలియకుండా ఇంకో అక్షరం జాగా వదిలేస్తుంది. ‘తకిట తకదిమి’ అంటూ నడిపించండి, ‘తకిట’లో ‘త’కూ ‘తకదిమి’లో ‘త’కూ మాత్రమే అడుగు వేయాలి. పొడుగు అడుగు, పొట్టి అడుగు తేడా కాళ్లకు అలవాటైతే చేతులకు వస్తుంది. ఒకటి గమనించండి: హిందుస్తానీ రూపక్ 7 మాత్రలు, కర్ణాటక రూపకం 6 అక్షరాలు. రెండు పద్ధతుల గురువుల దగ్గరా నేర్చుకునే పిల్లలకు పేరు కాకుండా లెక్క చెప్పాలి.

ప్రశ్న: ఠాకురాణి యాత్రలో (అమ్మవారి జాతరలో) ఢోలు మోగగానే కొందరికి పూనకం వస్తుంది. మరి ఆ ఢోలు వాయించేవాళ్లకి ఎందుకు రాదు?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఫ్రాన్సు పరిశోధకుడు గిల్బర్ట్ రూజే అనేక దేశాల పూనకాలను పోల్చి 1980లో తేల్చింది ఇదే: ఏ దరువుకూ దానంతట అది పూనకం తెప్పించే శక్తి లేదు. నమ్మకం, ఆ చోటు, ఆ రోజు, చుట్టూ ఉన్న జనం ఎదురుచూపు, ఇవన్నీ కలిసినప్పుడే వస్తుంది. అదే దరువు ఇంట్లో ఫోన్లో వింటే రాదు. వాయించేవాడి మనసు చేతుల మీద, తోటి వాద్యాల మీద ఉంటుంది, విడిచిపెట్టేస్తే దరువు చెడుతుంది. ఇది భక్తిని తక్కువ చేయడం కాదు. చంటిపిల్లల్ని మాత్రం ఢోలు పక్కన నిలబెట్టకండి. 85 డెసిబెళ్ల మోత 8 గంటలకు మించకూడదని ఒక ప్రమాణం. 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ కాలం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే.

ప్రశ్న: మా మామగారికి పార్కిన్సన్స్ (కదలికలు మందగించే మెదడు జబ్బు). గుమ్మం దగ్గర అడుగు అతుక్కుపోతుంది. తాళం వింటూ నడిస్తే మేలని ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక కోడలు, గుణుపురం

జవాబు: నిజమేనండీ. అడుగు తర్వాత అడుగును లోపలి నుంచి పురమాయించే పనిలో మెదడులోని బేసల్ గాంగ్లియా అనే భాగానికి పెద్ద పాత్ర ఉంది. ఈ జబ్బులో దెబ్బతినేది అదే. బయటి నుంచి దెబ్బ వినబడితే ఆ పురమాయింపు చెవి దారిన అందుతుంది. పరిశోధకుడు థౌట్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో రోగులు మూడు వారాలు ఇలా సాధన చేసి నడక వేగాన్ని, అడుగు పొడవును పెంచుకున్నారు.

ముందు డాక్టరుగారికి చెప్పండి. మందు బాగా పనిచేస్తున్న వేళ, సమంగా ఉన్న నేల మీద ఆయన మామూలు నడకలో నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి. 88 అనుకుందాం. మొదటి వారం మెట్రోనోమ్ 88 దగ్గరే ఉంచండి. స్థిరపడ్డాక 92కి, బాగా కుదిరితే 96కి. అంతకుమించి వద్దు. అడుగు తరచూ అతుక్కుపోయేవారికి వేగం పెంచితే ఎదురు తిరుగుతుంది. అలా అయితే 80కి తగ్గించి చూడండి. రోజూ 10 నిమిషాలు, పక్కన ఒక మనిషి తప్పనిసరి. గుమ్మం దగ్గర ఆగి, నాలుగు దెబ్బలు విని, ఐదో దెబ్బకు అడుగు ఎత్తాలి.

పాటతో నడిపించాలంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంలో ఉన్నదే ఎంచుకోండి. సంకీర్తన ఎంత ఇష్టమైనా దీనికి పనికిరాదు. చివరికి వచ్చేసరికి మృదంగం, గిని (చిన్న చేతి తాళాలు) వేగం పెంచుకుంటూ పోతాయి, కాళ్లు ఆ వేగాన్ని అందుకోలేక పడిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కొరాపుట్ వైపు ధెంసా (గిరిజన నృత్యం) పాటలు, మా చుట్టాల ఊళ్లో తప్పెటగుళ్లు (తప్పెట వాయిస్తూ ఆడే జానపద కళ) విని రికార్డు చేసి వాట్సాప్‌లో మిత్రులకు పంపుతుంటాను. ఎవరూ వినరు. విన్నవాళ్లు బరబరమంటోందని అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: ఒకేసారి పది పంపితే ఎవరూ వినరు మాస్టారూ. వారానికి ఒకటే పంపండి, పక్కన రెండు ముక్కలు రాయండి: ఎక్కడిది, ఎన్ని దెబ్బల లెక్క, ఏ నిమిషం దగ్గర చెవి పెట్టాలి. దరువు మారే చోటు నుంచే మొదలుపెట్టి కత్తిరించకండి. దాని ముందు 30 సెకన్లయినా ఉండాలి. మనసు ముందు పాత దరువులో కుదురుకుని, తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూడటం మొదలుపెడితేనే మార్పు ఝల్లుమంటుంది. ఈ ఎదురుచూపు ఎంత సహజమంటే, పుట్టి రెండు మూడు రోజులైన పసికందుల మెదడు కూడా రావాల్సిన మొదటి దెబ్బ రాకపోతే గుర్తుపడుతుందని 2009లో ఒక ప్రయోగం చూపించింది. బాగుందో లేదో అడగకండి, ఎక్కడ కాలు ఆడిందో అడగండి. ఆ ప్రశ్నకు అందరూ జవాబిస్తారు.

ఇక బరబర. తప్పెటగుళ్ల దెబ్బ ఫోను మైకు మోయగలిగినదానికంటే పెద్దది. శబ్దం కొస తెగిపోతుంది, ఒకసారి తెగాక ఏ యాప్ కూడా దాన్ని తిరిగి తేలేదు. బృందానికి 10–15 మీటర్ల దూరంలో, కాస్త పక్కగా, గాలికి వీపు పెట్టి నిలబడండి. రికార్డర్ యాప్‌లో శబ్దాన్ని తనంతట తాను సర్దుకునే ఏర్పాటు ఉంటే ఆపేయండి. అది ఉంటే పెద్ద దెబ్బ తర్వాతి గజ్జెల సవ్వడి అణిగిపోతుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలు, ఒకే చానల్ పెట్టుకుంటే నిమిషానికి సుమారు 5 ఎంబీ అవుతుంది. పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా పంపకండి, అది మాటకు తగ్గట్టు కుదించేస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. రికార్డు చేసే ముందు బృందం పెద్దను అడిగి, వారి పేరూ ఊరూ వారు ఒప్పుకుంటే రాయండి.