గింప్ 2.8, 2.10లలో బ్లర్ వేగాన్ని పోల్చడం ఎలా?
ఫొటోలు ఎడిట్ చేసే గింప్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫొటోకి మసక తెచ్చే గాసియన్ బ్లర్‌ను అదే అంకెతో వేస్తే పాత 2.8 కన్నా కొత్త 2.10 ఎందుకు నెమ్మదిగా ఉందన్నది ప్రశ్న. ముందు ఆ అంకెనే అనుమానించాలి. 2.8లో అది బ్లర్ వ్యాసార్థం, 2.10లో ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, మసక ఎంత మేర పరుచుకుంటుందో చెప్పే గణిత కొలత). పాతదానిలో 10 అంటే కొత్తదానిలో సుమారు 3. అదే 10 పెడితే కొత్తది చాలా ఎక్కువ బ్లర్ చేస్తోందన్నమాట, ఇక పోలికెక్కడ?

బిట్ డెప్త్, అంటే ఒక్కో రంగు ఛానెల్ విలువను ఎన్ని బిట్లలో దాస్తారన్నది కూడా చూడండి. 2.8లో ఛానెల్‌కి 8 బిట్లే. 2018లో వచ్చిన 2.10లో ఫొటో 32 బిట్లలో ఉంటే డేటా నాలుగింతలు. అయితే 2.10 చాలా ఫిల్టర్ల పనిని ప్రాసెసర్ కోర్లకు పంచుతుంది.

కొలిచేటప్పుడు ప్రివ్యూ టిక్ తీసేయండి. లేకపోతే 2.10 ప్రివ్యూ కోసం ముందే సిద్ధమైన ఫలితాన్నే వాడేసుకుని, ఓకే నొక్కగానే అయిపోయినట్టు మాయ చేస్తుంది. తొలిసారి వచ్చిన టైమ్ వదిలేసి, తర్వాతి టైమ్‌లను వరసలో పెట్టి వాటిలో మధ్యది తీసుకోండి.