ధర ఎవరి చేతిలోంచి తగ్గింది?

చిరంజీవి సౌభాగ్యవతి సుధకు, తెనాలి నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మియాపూర్‌లో మీ వీధి చివర పెద్ద డిస్కౌంట్ స్టోర్ ఉందనీ, నెల సరుకులు అక్కడ కొంటే వెయ్యి, పన్నెండు వందలు మిగులుతున్నాయనీ, అయినా సంచులు మోసుకుని ఇంటికి వస్తుంటే మన కొట్టు గుర్తొచ్చి ఏదో తప్పు చేసినట్టు ఉంటోందనీ రాశావు. "పెద్దమ్మ కొట్టు మూతపడటానికి కారణమైన చోటే నేనూ కొంటున్నాను, ఇది న్యాయమేనా?" అని అడిగావు. ముప్పై నాలుగేళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదాన్ని. ఈ ప్రశ్నను దాటవేసే హక్కు నాకు లేదు.

ఆ పన్నెండు వందలు వదులుకోమని మాత్రం నేను చెప్పను. అద్దె, మీ అత్తగారి మందులు, రానుపోను ఖర్చులు పోగా మీ ఇద్దరి జీతాల్లో ఎంత మిగులుతుందో నాకు తెలుసు. పన్నెండు వందలంటే ఒక గ్యాస్ బండ, ఆపైన కొన్ని రోజుల పాలు. నా మీద ప్రేమతో నువ్వు దాన్ని వదులుకున్నంత మాత్రాన మా కొట్టు మళ్ళీ తెరుచుకోదు. తక్కువకు దొరికేది కొనుక్కోవడం పాపం కాదమ్మా. అయితే ఆ ధర ఎవరి చేతిలోంచి తగ్గిందో తెలుసుకుని కొను. అది తెలిస్తే ఏది అక్కడ కొనవచ్చో, ఏది కొనకూడదో నీకే తోస్తుంది.

మన కొట్టు సంగతి నువ్వు అనుకున్నట్టు జరగలేదు. ఊరి చివర పెద్ద స్టోరు తెరవగానే మొదట పోయినవి సబ్బులు, బట్టల పొడి, టూత్‌పేస్టు. వాటి మీద మాకు మిగిలేది నూటికి ఎనిమిది, పది రూపాయలే. మేము కొన్న ధర కంటే వాళ్ళు అమ్మే ధర తక్కువగా ఉన్న రోజులు కూడా ఉన్నాయి. తర్వాత నూనె ప్యాకెట్లు పోయాయి. ఆ తర్వాత నెల జాబితా రాసిచ్చే ఇళ్ళే పోయాయి. అయినా మనుషులు పూర్తిగా రావడం మానలేదు. పొద్దున్నే పెరుగు ప్యాకెట్టుకు వచ్చేవారు, రాత్రి తొమ్మిదింటికి అగ్గిపెట్టెకు వచ్చేవారు. జీతం రాగానే నగదుతో పెద్ద స్టోరుకు వెళ్ళి, ఇరవయ్యో తేదీ దాటాక మా దగ్గర పద్దు రాయించేవారు. మా కొట్టును కూల్చింది ఇదే సుధా. నగదు బేరమంతా ఒక చోటికి, అరువు బేరమంతా ఇంకో చోటికి చేరితే ఆ రెండో కొట్టు ఎన్నాళ్ళో నిలబడదు. మీ పెదనాన్న పోయేనాటికి ఖాతా పుస్తకంలో 1,40,000 రూపాయలు రావలసి ఉంది. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. మిగతావాళ్ళను నేను అడగలేదు.

2020 లాక్‌డౌన్‌లో మాత్రం వీధి వీధంతా మా కొట్టుకే తిరిగి వచ్చింది. ఏ ఇంటికి ఏ కందిపప్పు, ఎవరికి రాళ్ళ ఉప్పు, ఎవరికి మెత్తటి ఉప్పు అన్నది నాకు ఇంకా గుర్తుండటం చూసి ఆశ్చర్యపోయారు. ఆంక్షలు సడలించిన మరుసటి నెల నుంచి మళ్ళీ పలచబడ్డారు. మరుసటి ఏడు మూసేశాం.

అందుకని మీ వీధిలో నమ్మకమైన కిరాణా కొట్టు ఒకటి చూసుకో. నెలకు ఏడెనిమిది వందల సరుకైనా చాలు, అక్కడ నగదు ఇచ్చి కొను. పప్పులు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు లాంటి విడి సరుకులు తీసుకో. కొట్టువాళ్ళకు నాలుగు రూపాయలు మిగిలేది వాటి మీదే. నీకూ చూసి, వాసన పట్టి, నచ్చకపోతే వద్దనే వీలుంటుంది. సబ్బులు, షాంపూలు పెద్ద స్టోరులోనే కొనుక్కో. అవి ఎక్కడ కొన్నా ఒకే ఫ్యాక్టరీ సరుకు. ఎప్పుడైనా అరువు పెట్టవలసి వస్తే చెప్పిన తేదీకి తీర్చు. అరువిచ్చిన మనిషిని తప్పించుకోవడానికి పక్క వీధి నుంచి తిరిగి వెళ్ళే పరిస్థితి తెచ్చుకోవద్దు. అలా వెళ్ళినవాళ్ళను కొట్లో కూర్చుని నేను చూసేదాన్ని. నాకు రావలసిన డబ్బు కంటే వాళ్ళ ముఖాలు చూడలేకపోవడమే ఎక్కువ బాధపెట్టేది.

ఇక నేను చేసిన పని చెబుతాను. వాల్‌మార్ట్ అమెరికాలో 1962లో మొదలైన కంపెనీ. మన దేశంలో ఇళ్ళవాళ్ళకు నేరుగా అమ్మే వీలు లేక, బెస్ట్ ప్రైస్ పేరుతో టోకు దుకాణాలు పెట్టింది. గుంటూరులో, విజయవాడలో కూడా ఉండేవి. మాలాంటి కొట్లవాళ్ళకు కార్డు ఇచ్చేవారు. మేమూ తీసుకున్నాం. కంపెనీ సరుకును మా కొట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటరు ధర కంటే కొన్ని సరుకులు అక్కడ తక్కువ. ఆ డిస్ట్రిబ్యూటరు తరఫున మా కొట్టుకు పదేళ్ళుగా మోపెడ్ మీద వచ్చి ఆర్డరు రాసుకునే సేల్స్‌మన్ ఉండేవాడు. పండగ ముందు సరుకు దొరకనప్పుడు మా కోసం రెండు పెట్టెలు పక్కన పెట్టి తెచ్చిన మనిషి. అతనికి ఆర్డర్లు తగ్గించేశాం. "అమ్మగారూ, కంపెనీ ఆ పెద్ద దుకాణాలకొక ధరకూ మాకొక ధరకూ ఇస్తే నేనేం చేసేది?" అని ఒకసారి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. 2021 చివర్లో డిస్ట్రిబ్యూటర్ల దేశవ్యాప్త సంఘం పెద్ద కంపెనీలను నిలదీసింది కూడా ఆ మాట మీదే. నా ఖాతాదారులు నాకు చేసినదాన్నే నేను అతనికి చేశాను. కాబట్టి నిన్ను తప్పుపట్టే స్థానంలో నేను లేను.

ఇంకొకటి ఉంది, అది రాయడం కష్టంగా ఉంది. మా కొట్లో పని చేసిన అబ్బాయి నీకు గుర్తుండే ఉంటాడు, సెలవులకు వచ్చినప్పుడు నీకు పిప్పరమెంట్లు ఇచ్చేవాడు. పదిహేనో ఏట చేరాడు. పొద్దున ఏడింటికి తలుపులు తీయడం నుంచి రాత్రి పదింటికి షట్టరు దించేదాకా మాతోనే. మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే, పండక్కి బట్టలు మేమే. ఇంట్లో పిల్లవాడిలాగా చూసుకున్నామని నేను అందరితో చెప్పుకున్నాను. కానీ వారానికి ఒక రోజు సెలవు ఇవ్వలేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు వారానికి ఒక రోజు సెలవు ఉండాలని మన రాష్ట్రంలో 1988 చట్టం చెబుతూనే ఉంది. మేము పట్టించుకోలేదు, అడిగినవాళ్ళూ లేరు. కొట్టు మూసేశాక అతను ఒక పెద్ద స్టోరు గోడౌన్లో చేరాడు. మొన్న సంక్రాంతికి వచ్చి కాళ్ళకు దండం పెట్టి, "ఇక్కడ మంగళవారం సెలవమ్మా, పీఎఫ్ కూడా కోస్తున్నారు" అన్నాడు. ఆ మాటలో నన్ను నిందించే ఉద్దేశం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న కొట్టు అయినంత మాత్రాన ధర్మంగా నడుస్తుందని, పెద్దదైతే అధర్మమని గీత గీసుకోవద్దని చెప్పడానికే ఇదంతా. పెద్ద స్టోరు ధర కొంతమేర న్యాయంగానే తగ్గుతుంది. 2002లో ముంబయిలోని పవాయ్‌లో మొదలైన డీమార్టునే తీసుకో. చాలావరకు సొంత భవనాల్లో దుకాణాలు పెడుతుంది కాబట్టి అద్దె భారం ఉండదు. సరుకు ఇచ్చినవాళ్ళకు డబ్బు తొందరగా చెల్లించి ధర తగ్గించుకుంటుంది. రకాలు తక్కువ పెట్టి, కదిలే సరుకునే ఎక్కువగా తెప్పిస్తుంది. ఇది వ్యాపారం తెలిసినవాళ్ళు చేసే పని, ఇందులో ఎవరి కడుపూ కొట్టడం లేదు. ఏ కంపెనీలోనైనా కాంట్రాక్టు మీద తీసుకున్న పిల్లలను రోజంతా నిలబెట్టి, ఎప్పుడైనా తీసేయవచ్చన్న భయంలో ఉంచి మిగిల్చుకున్న రూపాయి మాత్రం వేరు. నువ్వు కొనే ప్యాకెట్టులో ఈ రెండూ కలిసే ఉంటాయి. విడదీసి కొనడం నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నవి చాలా చిన్న పనులు, కానీ ఉన్నాయి.

ఒకటో తేదీ తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం, మూసే వేళకు వెళ్ళకు. వీలైతే మామూలు రోజు పొద్దున వెళ్ళు. వద్దనుకున్న వస్తువును తీసిన చోటే పెట్టు. నెయ్యి సీసాను చీపుళ్ళ మధ్య వదిలేస్తే రాత్రి పదింటికి దాన్ని వెతికి సర్దేది ఎవరో అమ్మాయి. బిల్లులో తేడా వస్తే కౌంటరులో ఉన్న పిల్ల మీద అరవకు. ధర వేసింది ఆమె కాదు, మేనేజరును పిలిపించి అడుగు. జాబితా రాసుకుని వెళ్ళు, అందులో లేనిది కొనకు. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనుకోకు. ప్యాకెట్టు మీద గ్రాముకో కిలోకో ధర ఎంతో ముద్రించి ఉంటుంది, అది చూసి పోల్చు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని నాలుగు సీసాల సాస్ తెచ్చి, ఆరు నెలలకు పారబోయడం మా కోడలి ఇంట్లో చూశాను.

కూరగాయలు స్టోరులో కొనవద్దు. ఇది సలహా కాదు, నా కోరిక. రైతుబజారుకు వెళ్ళు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో అవి మొదలైనప్పుడు దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలన్నదే ఉద్దేశం. కూకట్‌పల్లిది మీకు దగ్గరే. అంత దూరం వెళ్ళలేని రోజు బండి దగ్గర కొను, అక్కడ బేరమాడకు. బండివాళ్ళలో చాలామంది తెల్లవారుజామున అప్పు తెచ్చుకుని సరుకు దింపుకుంటారు. వెయ్యి అని రాసుకుని 900 చేతిలో పెట్టి, సాయంత్రానికి వెయ్యి కట్టించుకునే అప్పులవి. స్టోరులో ట్యాగు మీద ఉన్న ధరకు మారుమాట్లాడకుండా కట్టి, బయటికొచ్చి తోటకూర కట్ట దగ్గర ఐదు రూపాయలు తగ్గించమనడం నేను చూడలేను. మీ అమ్మకు కూడా ఈ అలవాటు ఉంది, చదివి వినిపించు.

బట్టల విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. సబ్బు ధర తగ్గితే పోయేది ఎక్కువగా దుకాణదారుల లాభం. చొక్కా ధర మరీ తగ్గితే పోయేది కుట్టినవాళ్ళ కూలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజే గోడలకు పగుళ్ళు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు ఉద్యోగులను ఇంటికి పంపేసింది. పై అంతస్తుల్లో కుట్టుపని చేసేవాళ్ళను మాత్రం మరునాడు లోపలికి పంపించారు, ఆర్డర్లు ఆలస్యమవుతాయని. వాళ్ళు కుట్టిన బట్టలు వెళ్ళింది ఐరోపా, అమెరికాల్లోని దుకాణాలకు, వాటిలో చవక దుకాణాలూ ఉన్నాయి. 99 రూపాయల చొక్కా కుప్పల్లో కనిపిస్తే చేయి పెట్టకు. ఏడాదికి ఆరు జతలకు బదులు మూడు కొనుక్కో, మీ వీధి టైలరు చేత కుట్టించుకో, చిరిగితే కుట్టించి వేసుకో. డబ్బు లెక్క చూసినా అదే తేలుతుంది.

ఇంత చేసినా నీ మనసులో కొంత బరువు మిగులుతుంది. ఆ బరువంతా నీది కాదమ్మా. పెద్ద పెట్టుబడి ఎక్కడికి రావాలో తేల్చింది నువ్వు కాదు. చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి 2012లో కేంద్రం అనుమతిస్తే, సరేనన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలోని సొంత కంపెనీలకైతే ఆ అనుమతితో పనే లేదు. అలాంటి నిర్ణయాలను ట్రాలీతో మార్చలేం. అవి మారిన చోట మనుషులు కలిసి అడగడం వల్లే మారాయి. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు, పనివేళల్లో కూర్చునే హక్కు కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. అడిగింది ఒక్క కుర్చీ. 2018లో కేరళ చట్టం మార్చి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. మా కొట్లో ఆ అబ్బాయికి కుర్చీ ఉండేదా అని ఇప్పుడు ఆలోచిస్తే, నూనె డబ్బా మీద కూర్చున్నట్టే గుర్తు.

అల్లుణ్ణి అడిగానని చెప్పు. ఉగాదికి ఇద్దరూ రండి, వచ్చేటప్పుడు నా కోసం ఏమీ కొనవద్దు. ఈసారి స్టోరుకు వెళ్ళినప్పుడు బిల్లింగ్ కౌంటర్ల వెనక పిల్లలు కూర్చోవడానికి ఏమైనా ఉందో లేదో చూడు. లేకపోతే మేనేజరును మర్యాదగా అడుగు, ఏమన్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ