వర్చువల్ మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్: జీమెయిల్‌కి మెయిల్ వెళ్ళట్లేదు

ఉబుంటు వర్చువల్ మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్) పెట్టారు, లోపలి యూజర్ల మధ్య మెయిల్ వెళ్తోంది, జీమెయిల్‌కి పంపితే మాత్రం క్యూలో 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని ఆగిపోతోంది అన్నారు. మీ సెటప్‌లో తప్పు ఉండకపోవచ్చండీ. ఇంటి కనెక్షన్లలో బయటికి వెళ్ళే 25వ పోర్టును (మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారి) స్పామ్ భయంతో చాలా నెట్ కంపెనీలు మూసేస్తాయి. టెల్నెట్ అనే కమాండ్‌తో జీమెయిల్ మెయిల్ సర్వర్ 25వ పోర్టుకి కనెక్ట్ అయి చూడండి. 'ట్రయింగ్' దగ్గరే ఉండిపోతే కారణం దాదాపు అదే.

నన్నడిగితే, టెస్టింగ్ మెయిల్ అసలు బయటికి పోకూడదు. పొరపాటున నిజమైన కస్టమర్లకి వెళ్ళిందంటే వెనక్కి తీసుకోలేం. అదే మెషీన్‌లో మెయిల్‌పిట్ అనే టెస్టింగ్ టూల్ నడపండి. అది 1025 పోర్టులో మెయిల్ అందుకుని, 8025లో బ్రౌజర్‌లో చూపిస్తుంది. తర్వాత పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్ ఉండే మెయిన్ డాట్ సీఎఫ్ ఫైల్‌లో రిలేహోస్ట్ (బయటి మెయిల్‌ని ఏ సర్వర్‌కి అప్పగించాలో చెప్పే సెట్టింగ్) విలువగా 127.0.0.1 రాసి, కోలన్ పెట్టి 1025 ఇవ్వండి. ఐపీ చుట్టూ చదరపు బ్రాకెట్లు మరిచిపోవద్దు, అవి ఉంటేనే పోస్ట్‌ఫిక్స్ ఎంఎక్స్ రికార్డు (ఒక డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే డీఎన్ఎస్ ఎంట్రీ) కోసం వెతకదు. రీలోడ్ చేస్తే బయటి అడ్రసులకి పంపినవన్నీ మెయిల్‌పిట్‌లోకే వస్తాయి.

క్యూలో ఉన్న పాతవి ముందే తుడిచేయండి, లేదంటే పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్‌గా 5 రోజుల దాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉంటుంది.

మీ వర్చువల్ మెషీన్ వర్చువల్‌బాక్స్‌లో నడుస్తూ, దాని నెట్‌వర్క్ నాట్ (NAT) మోడ్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్ నుంచి 8025 తెరుచుకోదు. పోర్ట్ ఫార్వార్డింగ్‌లో ఆ ఒక్కటి కలపండి. అప్పటికీ రాకపోతే మెయిల్ లాగ్‌లో చివరి పది లైన్లు పెట్టండి, చూస్తాను.