బ్రెగ్జిట్‌కు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడానికి, ఓటేసింది బ్రిటన్ జనమే కదా, మరి ఇప్పుడు వాళ్ళకే ఎందుకంత కోపం? మళ్ళీ యూరోపియన్ యూనియన్‌లో చేరతారా?

ముందు చిన్న జవాబు. ఉండాలని ఓటేసినవాళ్ళు ఓడిపోయారు కాబట్టి వాళ్ళ కోపం అర్థమవుతుంది. బయటికి రావాలని ఓటేసినవాళ్ళకు కూడా తాము కోరుకున్నది దక్కలేదు. అందుకే ఇన్నేళ్ళయినా ఇది చల్లారలేదు. చేరతారా అన్నదానికి చివర్లో వస్తాను.

నేను ఇంగ్లండ్‌లో మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఉంటాను. ఇండియన్ సరుకులు హోల్‌సేల్‌గా అమ్మే గోడౌన్‌లో, బయటి దేశాలకు పంపే సరుకు కాగితాలు చూడటం నా పని. బ్రెగ్జిట్‌కు ముందూ ఇదే పని, తర్వాతా ఇదే పని. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా నా టేబుల్ మీదికి వచ్చిన సంగతే.

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 51.9 శాతం మంది బయటికి రావాలన్నారు, 48.1 శాతం ఉండాలన్నారు. అప్పటికి నాది ఇండియన్ పాస్‌పోర్టే, అయినా ఓటు వేశాను. ఇక్కడ నివాసం ఉండే కామన్వెల్త్ దేశాలవాళ్ళకు ఆ హక్కు ఉంది. మా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పోర్చుగల్ ఆయనకు మాత్రం ఓటు లేదు. నాకంటే చాలా ముందు వచ్చాడు, పిల్లలు ఇక్కడే పుట్టారు. ఫలితం వచ్చిన రోజు టీ టైంలో ఆయన నన్ను అడిగిన ప్రశ్న: "ఇకమీదట నేను కూడా నీలాగా వీసా పెట్టుకోవాలా?" ఆ రోజు దానికి జవాబు ప్రధానమంత్రి దగ్గర కూడా లేదు. ఆ ఉదయమే కామెరాన్ రాజీనామా చేస్తానని ప్రకటించారు. పోర్చుగల్ ఆయనకు తర్వాత సెటిల్డ్ స్టేటస్, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కు, వచ్చింది. కానీ అప్పటిదాకా ఆ ఇంట్లో వాళ్ళు పడిన టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

అసలు చిక్కంతా ఆ బ్యాలెట్ పేపర్‌లోనే ఉందని నా అభిప్రాయం. ఉండాలా, వెళ్ళిపోవాలా అని మాత్రమే అడిగారు. వెళ్ళిపోతే ఎలా అన్నది అందులో లేదు. నార్వేలాగా యూనియన్‌లో లేకుండానే, సరుకులూ మనుషులూ అడ్డు లేకుండా తిరిగే ఉమ్మడి మార్కెట్‌లో ఉండొచ్చు. టర్కీలాగా సరుకుల సుంకాలకు సంబంధించిన కస్టమ్స్ యూనియన్ ఒప్పందం వరకే పెట్టుకోవచ్చు. అన్నీ తెంచుకుని కూడా పోవచ్చు. 'వెళ్ళాలి' అన్నవాళ్ళలో ఎవరి ఊహ వాళ్ళది. అందుకే కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరెసా మే తెచ్చిన ఒప్పందం 2019 జనవరిలో పార్లమెంటులో 432–202 తేడాతో ఓడిపోయింది. ఆమె సొంత పార్టీ సభ్యులే ఎంతోమంది వ్యతిరేకించారు. చివరికి ఆమె తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ ఉమ్మడి మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండూ వదులుకునే దారి పట్టారు. దేశం 2020 జనవరి 31న బయటికి వచ్చినా, ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే నడిచాయి కాబట్టి మాకు సెగ తగిలింది 2021 జనవరి 1న.

అంతకుముందు మా సరుకు డబ్లిన్‌కు (యూనియన్‌లోనే ఉన్న ఐర్లాండ్ రాజధాని) వెళ్ళాలంటే డెలివరీ నోటు ఒక్కటి చాలు. సాయంత్రం లారీ ఎక్కిస్తే హోలీహెడ్ పోర్టులో ఫెర్రీ ఎక్కి సముద్రం దాటి మర్నాడు అక్కడి ఇండియన్ షాపుల్లో దిగేది. ఇప్పుడు ప్రతి వస్తువుకూ కస్టమ్స్ కోడు వేయాలి, ఇటు ఎగుమతి డిక్లరేషన్, అటు దిగుమతి డిక్లరేషన్ ఉండాలి, ఏ దేశంలో తయారైందో రాసివ్వాలి. 'సుంకాలు లేని ఒప్పందం' అని ప్రభుత్వం గొప్పగా చెప్పింది గానీ, అది బ్రిటన్‌లో తయారైన సరుకుకే వర్తిస్తుంది. ఇండియా నుంచి తెచ్చి ఇక్కడ ప్యాకెట్లలో నింపినంత మాత్రాన అది బ్రిటన్ సరుకు అయిపోదు. సుంకం ఉన్న సరుకైతే ఇక్కడికి వచ్చినప్పుడు ఒకసారి, ఐర్లాండ్‌లో దిగినప్పుడు ఇంకోసారి కట్టే పరిస్థితి.

అన్నిటికంటే పనీర్ మమ్మల్ని ఏడిపించింది. ఇంగ్లండ్‌లోనే తయారయ్యే పనీర్, పాత రోజుల్లో పప్పుల బస్తాల పక్కనే పడేసి పంపేవాళ్ళం. పాల పదార్థం కాబట్టి ఇప్పుడు దానికి హెల్త్ సర్టిఫికెట్ కావాలి, దానిమీద ప్రభుత్వ గుర్తింపు ఉన్న వెటర్నరీ డాక్టర్ సంతకం పెట్టాలి. నాలుగు పెట్టెలు పంపినా అదే సర్టిఫికెట్, లారీ నిండా పంపినా అదే సర్టిఫికెట్. పెద్ద కంపెనీ ఆ ఖర్చును లారీ మొత్తం మీద సర్దేస్తుంది. నాలుగు పెట్టెలు అడిగే చిన్న షాపు ఆయనకు అమ్మితే మాకే నష్టం, ధర పెంచితే ఆయన కొనడు. పైగా చిన్న ఆర్డర్లన్నీ నలుగురైదుగురివి కలిపి ఒకే లారీలో వేస్తారు. అందులో ఒకరి కాగితంలో ఒక అంకె తప్పు పడినా లారీ మొత్తం పోర్టులో ఆగిపోతుంది. పక్కవాళ్ళ తప్పుకు మా సరుకు, మా తప్పు లేకుండానే, ఎక్స్‌పైరీ దగ్గర పడి చేరిన సందర్భాలు ఉన్నాయి. డబ్లిన్‌లో మా పాత కస్టమర్లు కొందరు నెమ్మదిగా మమ్మల్ని వదిలి నెదర్లాండ్స్ నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళను తప్పుపట్టలేను.

ఇలాంటి నష్టం టీవీలో కనపడదు. షట్టర్ దించేసిన షాపు కనపడుతుంది గానీ, పంపడం మానేసిన నాలుగు పెట్టెలు ఎవరికి కనపడతాయి? ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్, యూనియన్‌లో ఉండి ఉంటే వచ్చేదానికంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని లెక్క వేసింది. ఆ 4 శాతంలో మా పనీర్ పెట్టెలు కూడా ఉన్నాయన్నమాట.

ఇక 'వెళ్ళాలి' అన్నవాళ్ళ వైపు. మా దగ్గర సరుకు ఎత్తే లారీ డ్రైవర్ ఒకాయన, అరవైకి దగ్గర పడినవాడు, గట్టిగా బయటికే ఓటేశాడు. తూర్పు యూరప్ నుంచి వచ్చే డ్రైవర్ల వల్ల తన జీతం ఏళ్ళ తరబడి పెరగలేదని ఆయన బాధ. ఆయన్ని జాత్యహంకారి అనేస్తే సులువుగా తేలిపోతుంది గానీ, అది నిజం కాదు. ఇంగ్లండ్‌లోనే లింకన్‌షైర్‌లో ఉన్న బోస్టన్‌లో 75.6 శాతం మంది బయటికి రావాలన్నారు. అక్కడి పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో కూలి, ఇళ్ళ అద్దెలు, ఆస్పత్రి క్యూలు కళ్ళారా చూసినవాళ్ళ కోపం అది. 2021లో డ్రైవర్ల కొరత వచ్చినప్పుడు ఈయన జీతం పెరిగింది కూడా. కానీ వలసలు తగ్గుతాయన్నారు. యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, ఆ డబ్బు ఆస్పత్రులకు పెడదామని బస్సు మీద రాసుకుని మరీ తిరిగారు. ఓటింగ్ నాటికి ఏడాదికి 3 లక్షల పైచిలుకు ఉన్న నికర వలస (వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళను తీసేస్తే మిగిలే లెక్క) 2023 నాటికి 9 లక్షలు దాటింది. ఆస్పత్రుల్లో క్యూలు తగ్గలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని ఆయన అనుకోవడంలో తప్పేముంది?

ఇక్కడే మన సంగతి కూడా వస్తుంది. యూరప్‌వాళ్ళ రాక తగ్గాక ఆ ఖాళీల్లోకి వచ్చినవాళ్ళలో ఇండియా, నైజీరియా వాళ్ళు ఎక్కువ. 2021 జూలైలో చదువు తర్వాత 2 ఏళ్ళు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మొదలైంది, 2022లో వృద్ధులనూ వికలాంగులనూ చూసుకునే కేర్ వర్కర్లకు వీసా వచ్చింది. హైదరాబాద్, విజయవాడ నుంచి పిల్లలు ఆస్తులు తాకట్టు పెట్టి, లక్షలు అప్పు చేసి వచ్చారు. ఆ తర్వాత జనం కోపం చూసి ప్రభుత్వాలు ఒక్కొక్క తలుపూ మూశాయి: 2024 జనవరి నుంచి చాలా కోర్సుల స్టూడెంట్లు కుటుంబాన్ని తెచ్చుకోలేరు, స్కిల్డ్ వీసాకు మామూలు జీతం పరిమితి 26,200 పౌండ్ల నుంచి 2024లో 38,700కు, 2025లో 41,700కు వెళ్ళింది, కేర్ వర్కర్లను బయటి దేశాల నుంచి తీసుకోవడం 2025 జూలైలో ఆపేశారు. బ్రిటన్‌వాళ్ళు తమలో తాము తేల్చుకోలేని గొడవకు మూల్యం కడుతున్నవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. ఈ విషయం ఆలోచిస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. వాళ్ళను ఇక్కడికి రమ్మని పిలిచింది ఈ దేశమే.

మరి మళ్ళీ చేరతారా? యూగవ్ అనే సర్వే సంస్థ లెక్కల్లో ఏళ్ళుగా సగానికి పైగా జనం బయటికి రావడం తప్పే అంటున్నారు. 2016లో ఓటు వయసు రాని పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఓటర్లు. అయినా దగ్గర్లో జరిగే పని కాదని నేననుకుంటున్నాను. పాత సభ్యత్వంలో బ్రిటన్‌కు యూరో కరెన్సీ నుంచి మినహాయింపు ఉండేది, యూనియన్‌కు కట్టే డబ్బులో 1984లో అప్పటి ప్రధాని థాచర్ సాధించిన తగ్గింపు (రిబేటు) ఉండేది. కొత్తగా చేరితే అవి తిరిగి వస్తాయన్న హామీ లేదు. యూరప్‌వాళ్ళ స్వేచ్ఛా రాకపోకలకు మళ్ళీ ఒప్పుకోవాలి, ఆ మాట ఎత్తడానికే ఇక్కడి పెద్ద పార్టీలు భయపడుతున్నాయి. 2024లో గెలిచిన లేబర్ పార్టీ కూడా ఉమ్మడి మార్కెట్‌లోకి, కస్టమ్స్ యూనియన్‌లోకి వెళ్ళేది లేదని మేనిఫెస్టోలోనే రాసింది.

జరిగే అవకాశం ఉన్నది చిన్నచిన్న సర్దుబాట్లే. 2025 మేలో లండన్‌లో జరిగిన సమావేశంలో ఆహార పదార్థాల తనిఖీలు తగ్గించే ఒప్పందం వైపు వెళ్దామని రెండు పక్షాలూ అనుకున్నాయి. బదులుగా యూరప్ పడవలు బ్రిటన్ జలాల్లో చేపలు పట్టుకునే గడువును 2038 దాకా పొడిగించారు. మత్స్యకారులకు అదొక కొత్త కోపం. ఆహార ఒప్పందం పూర్తిగా అమలైతే హెల్త్ సర్టిఫికెట్ల పని చాలావరకు పోతుంది. కస్టమ్స్ డిక్లరేషన్లు మాత్రం అలాగే ఉంటాయి.