సోలార్ ప్లాంటు కొన్నాం సరే, ఆ 22 లక్షలు ఎక్కడ రాయాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది అనంతపురం, పదకొండేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. చిత్రదుర్గ దగ్గర నడుస్తున్న 2 మెగావాట్ల సోలార్ ప్లాంటును మా కంపెనీ 6 కోట్లకు కొంది. భూమి లీజు, ఇంకా 12 ఏళ్లున్న కరెంటు అమ్మకం ఒప్పందాలు, ఇద్దరు వాచ్‌మెన్‌లు కూడా దాంతోనే వచ్చారు. లాయరు ఫీజు, ఇంజినీర్ల తనిఖీ కలిపి మరో 22 లక్షలైంది. ఇది బిజినెస్ కొన్నట్టే, 22 లక్షలూ ఈ ఏడాది ఖర్చే అంటారు ఆడిటర్ గారు. లాభం తగ్గుతుంది, ప్లాంటు విలువలో కలపమంటారు ఎండీ. మధ్యలో నాకు టెన్షన్. మాకు ఇండ్ ఏఎస్ (భారతీయ అకౌంటింగ్ స్టాండర్డ్స్) వర్తిస్తుంది. (పేరు వద్దు)

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఎండీ గారి మాటే నిలిచేలా ఉంది, కాకపోతే లాభం తగ్గుతుందన్న కారణం ఆడిటర్ దగ్గర చెల్లదు. ఇండ్ ఏఎస్ 103 ప్రకారం కొన్నది బిజినెస్ అయితే లాయరు ఫీజులాంటివి వెంటనే ఖర్చులోకి పోతాయి, అప్పులు పోను ఆస్తుల విలువ కంటే ఎక్కువ ఇచ్చిన డబ్బు గుడ్‌విల్ అవుతుంది. కొన్నది ఉత్త ఆస్తులే అయితే గుడ్‌విల్ మాటే లేదు, ఆ 22 లక్షలూ కొన్న ధరలో కలుస్తాయి.

తేల్చడానికి 2020 ఏప్రిల్ 1 నుంచి ఒక షార్ట్‌కట్ ఉంది, వాడుకోవడం మీ ఇష్టం. కొన్నవాటి విలువ దాదాపు అంతా ఒకే ఆస్తిలోనో ఒకే రకం ఆస్తుల్లోనో ఉంటే అది బిజినెస్ కాదు. దాదాపు అంటే ఎంతో స్టాండర్డ్ చెప్పలేదు, ఆడిటర్లు మామూలుగా 90 శాతం దగ్గర చూస్తారు. ప్యానెళ్లు, వాటిని మోసే ఇనుప స్తంభాలు, కేబుళ్లు విడదీస్తే విలువ పోతుంది కాబట్టి కలిపి ఒకే ఆస్తిగా చూడొచ్చు. అమ్మకం ఒప్పందాన్ని మాత్రం అందులో కలపకూడదు, అది కంటికి కనపడని ఆస్తి. వాల్యుయర్ ప్లాంటుకు 5.70 కోట్లు, ఒప్పందాలకు 30 లక్షలు కట్టాడనుకోండి, ప్లాంటు వాటా 95 శాతం, పరీక్ష పాసైనట్టే. ఒప్పందంలో యూనిట్ రేటు మార్కెట్ కంటే బాగా ఎక్కువుంటే ఒప్పందం విలువ పెరిగి ఈ లెక్క తిరగబడుతుంది, ముందు ఆ రేటు చూడండి.

పాస్ కాకపోయినా కంగారొద్దు. అప్పుడు మీకు వచ్చిన మనుషులు, పద్ధతులు కరెంటు ఉత్పత్తి సాగడానికి కీలకమా అని చూస్తారు. వాచ్‌మెన్‌లు దానికి సరిపోరు. అదే ప్లాంటు నడిపే టెక్నికల్ టీమ్ కాంట్రాక్టు కూడా మీ పేరున మారి ఉంటే ఆడిటర్ గారి వాదనకు బలముంది. ఆ విషయం మీరు రాయలేదు, నాకైతే అసలు చిక్కు అక్కడే కనిపిస్తోంది.

ఆస్తులే అని తేలితే 6.22 కోట్లను 95:5 చొప్పున పంచండి: ప్లాంటుకు 5 కోట్ల 90.9 లక్షలు, ఒప్పందాలకు 31.1 లక్షలు, రెండోదాన్ని 12 ఏళ్లలో కొంచెం కొంచెంగా ఖర్చు రాసేయాలి. ఇన్వర్టర్లు ప్యానెళ్లంత కాలం రావు, తరుగుదల విడిగా వేయండి. లీజు ముగిశాక అన్నీ పీకేసి నేలను చదును చేసి ఇవ్వాలని రాసుకుని ఉంటే, ఆ ఖర్చు నేటి విలువను కూడా ప్లాంటు ఖాతాలో కలపాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. భూమి లీజు లెక్క ఇండ్ ఏఎస్ 116 కింద వేరు.

ఇన్‌కంట్యాక్స్‌లో సోలార్ పరికరాలకు తరుగుదల 40 శాతం, ఆ ఏడాది వాడకం 180 రోజుల కంటే తక్కువైతే 20 శాతమే. మీరు ప్లాంటునే కొన్నారు కాబట్టి ఇది మీ ధర మీద వస్తుంది. ప్లాంటున్న కంపెనీ షేర్లు కొని ఉంటే మాత్రం ఆ కంపెనీ పుస్తకాల్లో మిగిలిన పాత విలువ మీదే లెక్క.