టిక్కుమంటే ఉప్పే

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. ఎమ్మెస్సీ చేసి పరిశోధనలోకి వెళ్తానంటాడు. "ఇంకో నాలుగేళ్ళలో ఆ పనంతా ఏఐయే చేసేస్తుంది, హాయిగా కోడింగ్ నేర్చుకోరా" అని మా అన్నయ్య ఒకటే పోరు. మనిషి లేకుండా అది సొంతంగా పరిశోధన చేయగలదా?
– ఒక తల్లి, కొళత్తూరు, చెన్నై

జవాబు: మీ అన్నయ్యగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేనమ్మా. 2009 నాటికే వేల్స్‌లో 'ఆడమ్' అనే రోబో ఈస్ట్ మీద ఇలాంటి పని చేసింది. ఏ జన్యువు ఏ ఎంజైమ్‌కు కారణమో తనే ఊహించి, తనే ప్రయోగం పెట్టి, తనే ఫలితం చూసుకుంది. ఇక ప్రోటీన్ల ఆకారం అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్ సంగతంటారా, ఆ దెబ్బ నాకే తగిలింది. బెంగళూరులో ఇరవై ఆరేళ్ళు ప్రోటీన్ స్ఫటికాలతోనే గడిపాను. ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి, దాని మీద ఎక్స్‌రే వేసి ఆకారం తేల్చడమే మా పని. ఒక్క ప్రోటీన్ ఆకారం తేల్చడానికి రెండు మూడేళ్ళు పట్టిన రోజులున్నాయి. ఇప్పుడది చాలావాటికి గంటల్లో చెప్పేస్తోంది. దాన్ని తయారుచేసిన ఇద్దరికి 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఇచ్చారు. అయితే అది చదువుకున్నది మాలాంటివాళ్ళు 1971 నుంచి ప్రోటీన్ డేటా బ్యాంకులో ఒక్కొక్కటిగా పోగేసిన ఆకారాలనే. ఆ మాత్రం గర్వం నాకుంది లెండి.

నేను చేరిన కొత్తలో ఒకసారి, గాజు పలక మీది చుక్కలో తళతళా మెరిసే స్ఫటికాలు వచ్చాయి. ఆనందం పట్టలేక ల్యాబంతా మైసూర్‌పాక్ పంచాను. మా సీనియర్ మేడమ్ మైక్రోస్కోపులో చూస్తూ సన్న సూదితో ఒకదాన్ని నొక్కారు. టిక్కుమని విరిగింది. ప్రోటీన్ స్ఫటికంలో సగానికి సగం నీళ్ళే కాబట్టి చప్పుడు లేకుండా నలిగిపోవాలి. "ఉప్పమ్మా" అన్నారావిడ. నేను కలిపిన కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గడ్డకట్టాయి. ఐదు నెలల పని పోయింది. మైసూర్‌పాక్ మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

2023లో అమెరికాలోని బర్క్‌లీ ల్యాబు గురించి చదివినప్పుడు నాకు ఆ సూదే గుర్తొచ్చింది. అక్కడ ఏఐ నడిపే రోబోలే పొడులు కలిపి, ఫర్నేస్‌లో కాల్చి, ఏం తయారైందో ఎక్స్‌రే తీసి చూసి, 17 రోజుల్లో 58 కొత్త పదార్థాలకు గాను 41 తయారుచేశాయని ప్రకటించారు. తర్వాత ప్రిన్స్‌టన్, లండన్ కెమిస్టులు ఆ ఎక్స్‌రే గ్రాఫులు ఒక్కొక్కటీ తీరిగ్గా చూసి, వీటిలో కొత్తవేమీ లేవన్నారు. రెండు లోహాలు వేటి చోట అవి వరుసగా సర్దుకుని కొత్త పదార్థం అయ్యాయని యంత్రం అనుకున్న చోట అవి కలగలిసిపోయి ఉన్నాయట, అంటే పాత పదార్థాలే. నేను ఐదు నెలలకు చేసిన పొరపాటు అది 17 రోజుల్లో చేసింది, అంతే తేడా.

కోడింగ్ నేర్చుకోమనండి, అందులో తగవు లేదు. కానీ ఎక్స్‌రే గ్రాఫు చదవడం దానికన్నా ముందు రావాలి. జి.ఎన్. రామచంద్రన్ గారు 1963లో శిష్యులతో కలిసి మద్రాసు యూనివర్సిటీలో, ప్రోటీన్ గొలుసు ఎలా మెలితిరగగలదో ఎలా తిరగలేదో చూపిస్తూ గీసిన పటంతోనే ఇవాళ్టికీ ప్రోటీన్ ఆకారాలను సరిచూస్తారు, ఆల్ఫాఫోల్డ్ ఇచ్చినవైనా సరే. ఆ డిపార్ట్‌మెంట్ గిండీలో ఉంది. ఒకరోజు బస్సెక్కి చూసి రమ్మనండి.