పోతమేస్త్రి జవాబులు: చీమ ఇంటికి పోత పోయాలంటే

ప్రశ్న: మేస్త్రీగారూ, నేను డిగ్రీ చదువుతున్నాను. కరిగిన అల్యూమినియం చీమల గూట్లో పోసి, చల్లారాక తవ్వి తీస్తే చెట్టు వేళ్లలాంటి బొమ్మ రావడం వీడియోల్లో చూశాను. మా పెరట్లో ఎర్రచీమలు పెద్ద గూడు పెట్టాయి, ఇంట్లో అందరినీ కుడుతున్నాయి. పాత గిన్నెలు కరిగించి అందులో పోద్దామనుకుంటున్నాను. బొగ్గుల కొలిమి చాలుతుందా? ఎలా పోయాలి? (కాకినాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: బొగ్గుల కొలిమి చాలు బాబూ. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బ్లోయర్ పెట్టిన కొలిమిలో ఆ వేడి తేలిగ్గానే వస్తుంది. కానీ మీ పెరటి గూడు జోలికి మాత్రం పోవద్దు.

మీరు చూసిన వీడియోల్లో చాలావరకు అమెరికా దక్షిణ రాష్ట్రాలవి అయ్యుంటాయి. అక్కడ పోసేది కుడితే నిప్పు తగిలినట్టు మండే ఒక ఎర్రచీమ గూళ్లలో. అది ఆ దేశపు చీమ కాదు. 1930లలో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో అలబామాలోని మొబైల్ రేవుకు చేరి, అక్కడి నుంచి చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటికీ పాకింది. దాన్ని ఎలాగూ మందు పెట్టి చంపుతారు కాబట్టి గూట్లో లోహం పోయడం అక్కడివాళ్లకు పెద్ద తప్పుగా తోచదు. ఎదిగిన గూట్లో రెండు లక్షల చీమల దాకా ఉంటాయి. లోహం దిగిన ప్రతి గదిలో ఉన్నవి ఉన్నట్టే మాడిపోతాయి. ఆ బొమ్మల ఫొటోలు చూసినప్పుడు నాకు అందం కంటే ముందు అదే కళ్లముందు మెదులుతుంది. కుడుతున్నాయన్న ఒక్క కారణానికి అంత పని చేయడం నాకు ఇష్టం లేదు, మీరు చేయడం కూడా ఇష్టం లేదు.

రెండో సంగతి మీ ప్రాణానికి సంబంధించింది. పెరడంటే అంట్ల నీళ్లు, బట్టల నీళ్లు ఇంకే నేల. పైన పొడిగా కనిపించినా జానెడు కింద తడి ఉంటుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. లోహం కింద చిక్కుకున్న తడి ఒక్కసారిగా ఆవిరైతే పోసిందంతా తిరిగి మీ ముఖం మీదికే వస్తుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి రాత్రంతా వానలో ఉన్న ఇనుప గరిటెను నిప్పు మీద కాచకుండా, కరిగిన లోహమున్న మూసలో ముంచాను. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. నా ముంజేతి మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనున్న అతనికి కనురెప్ప కాలింది, కన్ను దక్కడం అదృష్టం. అది గరిటెకు అంటిన తడి మాత్రమే. గూడంటే అడుగుల లోతు నేల.

మీ ఆశ నాకు తెలుసు. నాకూ అదే ఆశ పుట్టింది, అందుకు కారణం వాల్టర్ చింకెల్ చేసిన పోతలు. ఆయన ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో జీవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు. చీమలు నేల కింద ఏం కడుతున్నాయో చూడాలని పళ్ల డాక్టర్లు వాడే ప్లాస్టర్ పోశారు. తవ్వితే అది ముక్కలు ముక్కలుగా వచ్చేది. ప్రతి ముక్కనూ కడిగి, జిగురుతో అతికి, మళ్లీ నిలబెట్టేవారు. తర్వాత అల్యూమినియం, జింకు కూడా పోశారు. కొన్ని గూళ్లలో మైనం పోశారు. మైనాన్ని మళ్లీ కరిగిస్తే ఏ గదిలో ఎన్ని చీమలున్నాయో లెక్కపెట్టవచ్చు గదా.

గింజలు కూడబెట్టే ఒక ఫ్లోరిడా చీమ గూటి మీద 2004లో ఆయన వ్యాసం అచ్చయింది. ఆ గూడు ఇసుక నేలలో మూడు మీటర్ల లోతు దాకా పోతుంది. నిలువు దారి బావిలా తిన్నగా దిగదు, మరమేకు చుట్టులా మెలిక తిరుగుతూ దిగుతుంది. దాని పక్కన పళ్లేల్లాంటి పలచటి గదులు. పైన గదులు పెద్దవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ చిన్నవై దూరమవుతాయి. పిల్లలు, పిల్లల్ని సాకే లేత చీమలు అడుగున ఉంటాయి. వయసు మీరినవే పైకి వచ్చి తిండి వెతుకుతాయి. ఇంత ఇల్లు కట్టుకుని కూడా ఆ చీమలు దాదాపు ఏడాదికోసారి దాన్ని వదిలేసి, కాస్త దూరంలో మరొకటి వారం లోపే తవ్వుకుంటాయి.

నేను పట్టుకున్నది ఈ చివరి సంగతినే. చీమలు ఉన్న ఇల్లు వాటిది. వదిలి వెళ్లిన ఇంట్లో మనం పోయవచ్చు. దానికి ఓపిక కావాలి. ఎక్కువ ఆలస్యమైతే మొదటి వానకే గదులు పూడిపోతాయి.

బాపట్ల దగ్గర మా అక్కవాళ్ల జీడిమామిడి తోట ఇసుక నేల. అక్కడ ఒక నల్లచీమల గూడు ఖాళీ అయినట్టు అనిపించింది. మే నెల. రెండు వారాలు పొద్దునా సాయంత్రం గూటి నోటి దగ్గర నూకలు, బెల్లం ముక్క పెట్టాను. వేరే చోటి నుంచి దారిన పోయే చీమలు ఎత్తుకుపోయాయే గానీ లోపలి నుంచి ఒక్కటీ రాలేదు. పదో రోజున ఆ నోటికి అడ్డంగా సాలీడు గూడు అల్లింది. అప్పుడు నమ్మాను. కొలిమి పెడుతుంటే అక్క అడిగింది, "ఖాళీ ఇంట్లో ఇంత నిప్పు ఎందుకురా పోస్తావు?" అని. "అవి ఎలా బతికాయో చూడాలని ఉందక్కా" అన్నాను.

అడుగు కొట్టిన మట్టికుండను నిప్పుల మీద బాగా కాచి, గరాటులా గూటి నోటి మీద కూర్చోబెట్టాను. లోహాన్ని 750 దాకా వేడెక్కించాను. కరగడం ఒక్కటే చాలదు, సన్నటి దారుల్లో చివరిదాకా పారాలి. పైన తేలే మడ్డిని తీసేసి, ఒకే ధారగా ఆపకుండా పోశాను. మధ్యలో చేయి ఆగితే అక్కడ చల్లారి అతుకు పడుతుంది, తీసేటప్పుడు అక్కడే విరుగుతుంది. ఇసుక నేల మంచిదనడానికి తడి ఆగకపోవడం ఒక కారణం. గూట్లో ఉన్న గాలి ఇసుక సందుల్లోంచి బయటికి పోతుంది, అది ఇంకో కారణం. జిగట మట్టిలో గాలి పోయే దారి ఉండదు, పోత నిండా గాలి బుడగల బొక్కలు (బ్లోహోల్స్) వస్తాయి.

మూడు గంటలు ఆగి, పైనుంచి కాకుండా పక్కన గొయ్యి తీసి, చేతులతో, బ్రష్‌తో ఇసుక తోడాం. 38 సెంటీమీటర్లు వచ్చింది. ఏడు గదులు, బరువు కిలో రెండు వందల గ్రాములు. ఒక గది నేల అలికినంత నున్నగా ఉంది. అడుగు గదిలోంచి పుల్లంత దారి ఒకటి మొదలై సగంలో తెగిపోయింది. కింద ఇంకా ఇల్లు ఉంది, నా లోహం అంతదూరం పోలేకపోయింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ముప్పై ఏళ్ల పోతపనిలో అచ్చు నేను చేయని పోత అదొక్కటే.

లోహం గురించి రెండు ముక్కలు. కూల్‌డ్రింక్ డబ్బాలు కరిగిస్తే సగం మడ్డే. గిన్నెల అల్యూమినియం ఫర్వాలేదు గానీ చిక్కగా పారుతుంది. స్క్రాప్ దుకాణంలో పాత బండి పిస్టన్లు అడగండి, అందులో సిలికాన్ కలిసి ఉంటుంది, సన్నటి దారుల్లోకి బాగా పోతుంది. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది గానీ వేడి ఎక్కువైతే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం తప్పదు. సీసం వద్దే వద్దు. పక్కన అనుభవమున్న పోతపనివాడు లేకుండా మొదటిసారి మీరు ఒక్కరే చేయకండి. నైలాన్ బట్టలు, చెప్పులు వేసుకుని కొలిమి దగ్గరికి రాకండి.

ప్రశ్న: మేస్త్రీగారూ, మా హైస్కూలు పిల్లలకు ఇది చూపించాలని ఉంది. నిప్పుతో పని లేకుండా కుదురుతుందా? మాది నల్లరేగడి. (నంద్యాల నుంచి ఒక టీచర్)

జవాబు: కుదురుతుందమ్మా. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను పలచటి మజ్జిగలా కలిపి, ఖాళీ గూట్లో నెమ్మదిగా పోయించండి. ఒక రోజు ఆగి తవ్వండి. విరుగుతుంది, కంగారు పడకండి. ముక్కలకు అంకెలు వేసి అతికించడమే పిల్లలకు అసలు పాఠం. చేతులతో కలపనివ్వకండి, గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది.

అయితే రేగడిలో వద్దు. వేసవిలో అది బీటలు వారుతుంది, మీరు పోసింది బీటల్లోకి పోయి గూటికి బదులు పగుళ్ల ఆకారం వస్తుంది. వాగు ఒడ్డున ఇసుక కలిసిన ఎర్రనేల దొరికితే అక్కడికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అన్నా, మా చేను గట్టున నిలువెత్తు పుట్ట ఉంది. నాగులచవితికి అందులో పాలు పోస్తాం. మా అబ్బాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాడు, దానికి పోత పోస్తానంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు, వాడేమో మూఢనమ్మకం అంటున్నాడు. మీరేమంటారు? (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

జవాబు: చెల్లెమ్మా, నమ్మకం సంగతి పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవని చిన్నప్పుడు పద్యం నేర్చుకున్నాం గానీ, ఆ నిలువెత్తు పుట్టలు కట్టేది చెదలు. వాటి వంశం చీమలకు కాదు, బొద్దింకలకు దగ్గర. పుట్ట లోపల అవి ఒక రకం బూజును సాగుచేస్తాయి, ఆ బూజు తోటే వాటికి తిండి. వానలు పడ్డాక దానిలోంచే గొడుగులు పైకి వస్తాయి. పుట్టగొడుగు అన్న మాటలోనే ఆ సంగతి ఉంది. ఆ పుట్ట మీ అబ్బాయి కంటే వయసులో పెద్దదై ఉండవచ్చు, ఇంకా బతికి ఉన్న ఇల్లు. నమీబియాలో స్కాట్ టర్నర్ అనే శాస్త్రవేత్త, ఆయన జట్టు పుట్టల్లో ప్లాస్టర్ నింపి, మట్టిని నీళ్లతో కడిగేసి, లోపలి గొట్టాల అల్లికను బయటపెట్టారు. పుట్ట లోపల గాలి ఎలా ఆడుతుందో తెలుసుకోవడానికి చేసిన పని అది. వాటి ఫొటోలు మీ అబ్బాయి వెతుక్కుని చూడవచ్చు. లోహమైతే అంత పెద్ద పుట్టకు ఎంత పడుతుందో లెక్క వేసుకోమనండి, కొలిమి కాదు, ఫ్యాక్టరీ కావాలి. లోపల పాము ఉండదని కూడా చెప్పలేం.

అబ్బాయికి ఇంకో దారి చూపించండి. పుట్టకూ లోహానికీ మన దగ్గర పాత చుట్టరికమే ఉంది. డోక్రా పోతలో మట్టి ముద్ద మీద తేనెమైనం దారాలు చుట్టి బొమ్మ చేస్తారు, దాని మీద మళ్లీ మట్టి మెత్తుతారు. కాల్చితే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. మెత్తడానికి పుట్టమన్ను వాడేవాళ్లున్నారు. చెదలు నమిలి కలిపిన మన్ను కనుక మెత్తగా ఉండి మైనం మీద సన్నటి గీత కూడా పట్టుకుంటుంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జైనూరు మండలం ఉషెగావ్‌లో ఓజా కుటుంబాలు ఈ పని చేస్తాయి. మీ ఊరి నుంచి ఒక రోజు ప్రయాణం పెట్టుకుని వాడిని తీసుకెళ్లి, ముందు మట్టి కలపడం చూపించమని అడగండి. తర్వాత ఇంటి దగ్గర చేసుకోవడానికి మన్ను కావాలంటే పుట్టను తవ్వనివ్వకండి, వానకు రాలి దాని పాదు దగ్గర పడ్డది ఏరుకుంటే చాలు.